ఇయ్యాల దుర్గ

పది వోచర్లు, పందొమ్మిది మంది పిల్లలు. ఈ లెక్క నేను వేసినది కాదు; కాని దాని కింద అధ్యక్షుడి హోదాలో చెంచురామయ్య అని సంతకం చేసినవాణ్ణి నేనే. అందుచేత ఆ సంవత్సరం తొలకరిలో ఇప్పలగుంపులో ఏమి జరిగిందో చెప్పవలసిన బాధ్యత నాకున్నదని భావిస్తున్నాను.

నేను ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ కళాశాలల్లో ఆంగ్లం బోధించి పదవీ విరమణ చేశాను. ఖమ్మంలో, ఖానాపురం హవేలిలోని ఇంటిని కిరాయికిచ్చి, పినపాకలో కాపురముంటున్న మా అమ్మాయి పద్మప్రియ దగ్గరకు వచ్చి అప్పటికి రెండేళ్ళు. అల్లుడు జయప్రకాశ్ బొగ్గుగనిలో షిఫ్టుల మనిషి. అందువల్ల ఇంట్లో మాట్లాడుకునేది ఎక్కువగా నేనూ అమ్మాయీ. మాట్లాడుకోవడమంటే వాదించుకోవడమే.

వాదనకు విషయం ఒక్కటే. ప్రభుత్వం సొమ్ము బడికి ఇవ్వాలా, బిడ్డకు ఇవ్వాలా? బిడ్డకే ఇవ్వాలని నా మతం. తలిదండ్రుల చేతిలో ఒక వోచరు పెడితే వారు మెచ్చిన బడిలో బిడ్డను చేర్చుకుంటారు. ఆ బడికి ఫీజు వోచరు ద్వారా అందుతుంది. పిల్లలు పోతారన్న భయంతో తక్కిన బడులు కూడా బాగుపడతాయి. ఈ అభిప్రాయాన్ని ఒక ఆంగ్ల దినపత్రికకు లేఖలుగా రాసేవాణ్ణి. నాలుగు అచ్చయ్యాయి. వాటిని చదివిన హైదరాబాదులోని ఒక ట్రస్టువారు, అడవి అంచు పల్లె ఒకదానిలో ఈ పద్ధతిని పరీక్షించదలచామనీ, ఎంపిక కమిటీకి నేను అధ్యక్షత వహించాలనీ కోరారు. పదిమంది పిల్లలను మండల కేంద్రంలోని ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం పాఠశాలలో చేర్పిస్తారు. ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, ఆటో అన్నీ వారివే.

ఆ మాట భోజనాల దగ్గర పద్మప్రియకు చెప్పాను.

"ఏ ఊరు నాన్నా?"

"ఇప్పలగుంపు."

ఆమె చేతిలోని గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. ఇప్పలగుంపు ప్రాథమిక పాఠశాలలో అయిదు తరగతులకూ ఆమె ఒక్కతే ఉపాధ్యాయిని.

"నీ కూతురి బడే దొరికిందా?"

"ఊరిని ఎంచుకున్నది ట్రస్టువారు. అక్కడి టీచరు నా కుమార్తె అని వారికి లిఖితపూర్వకంగా తెలియజేశాను. అభ్యంతరం లేదన్నారు."

"వాళ్ళకెందుకుంటుంది? పందొమ్మిదిలో పది పోతే ఎంత?"

"తొమ్మిది."

"తొమ్మిదయితే నా బడి ఏమవుతుందో కూడా లిఖితపూర్వకంగా తెలియజేశావా?"

పదిమంది కంటే తక్కువ పిల్లలున్న బడులను పక్క ఊరి బడిలో కలిపేస్తారని ఆ ఏడు మా వైపు అందరూ చెప్పుకుంటున్నారు. ఆగస్టు మొదటి సోమవారం తలలు లెక్కపెడతారు. ఇప్పలగుంపుకు పక్క బడి వాగు అవతల నాలుగు కిలోమీటర్లు. వానాకాలంలో ఆ వాగు దాటడానికి పెద్దవాళ్ళే జంకుతారు. ఇదంతా నాకు తెలియనిది కాదు.

"బడి బాగుంటే వాళ్ళెందుకు పోతారమ్మా?" అన్నాను.

"నిజమే. బాగాలేదు. సోమవారం మీటింగు, గురువారం ట్రైనింగు, మధ్యలో ఓటర్ల జాబితా. నేను పోయిన రోజు తాళం. తాళం వేసిన బడి ఎట్లా బాగుంటుంది? ఇంకో టీచర్ని ఇమ్మని ఆరేళ్ళుగా అడుగుతున్నా. మీ ట్రస్టువాళ్ళు ఆ ఒక్క టీచర్ని ఇవ్వచ్చుగా?"

"అది వారి పథకం కాదు."

"నన్ను ఎక్కడ చదివించావు నాన్నా?"

ఖమ్మంలో పేరున్న ఒక కాన్వెంటులో చదివించాను. ఆ సంగతి ఆమెకు తెలియకపోలేదు. అది నా వాదనకు బలమో, బలహీనతో ఆ క్షణాన తేల్చుకోలేక మజ్జిగ అడిగాను.

*

చీటీలు తీసే తేదీ జూన్ మొదటి వారంలో పడింది. అదే రోజు తమ గుంపులో (ఆ వైపు ఆదివాసీ పల్లెను గుంపు అంటారు) విత్తనాల పండుగ అనీ, మరో రోజు పెట్టుకోమనీ అక్కడి పూజలు చూసే పెద్దమనిషి భద్రయ్య కబురు పంపాడు. తేదీ ముద్రించిన కాగితం మీద ఉన్నదనీ, మార్చడం సాధ్యం కాదనీ బదులు చెప్పాను.

"గట్లయితే పొద్దుగాల్నే కానియ్యి సారూ," అన్నాడు భద్రయ్య, మేము వెళ్ళేసరికి బడి వరండాలో ఎదురుచూస్తూ. "పొద్దు నెత్తిమీదికొస్తె మేం గింజలు కలపాలె."

పందొమ్మిది పేర్లూ నా చేతితోనే రాసి, మడిచి, నా స్టీలు టిఫిన్ డబ్బాలో వేశాను. ట్రస్టు తరఫున వచ్చిన రాజేష్ అనే కుర్రవాడు ప్రతి చీటీకీ ఫొటో తీశాడు. మూడో చీటీ దుర్గ పేరుతో వచ్చింది. మూడో తరగతి పిల్ల, చురుకైన కళ్ళు. ఆమెను పెంచుతున్న నాయనమ్మ ముత్తక్క, పొడగరి, ఎండకు వడలిన మనిషి, వేసవంతా బీడీల తునికాకు కోసి అప్పుడే తెరిపిన పడింది. మనవరాలి పేరు వచ్చినందుకు సంతోషిస్తుందనుకున్నాను. పదో చీటీ దాకా కూర్చుని, అప్పుడు లేచింది.

"పది పేర్లొచ్చినయ్. మిగిలిన తొమ్మిదిగురి సంగతేంది సారూ?"

"మొదటి సంవత్సరం పదిమందికే. వచ్చే ఏడు చూద్దాం."

"ఒక్క గుంపు పిల్లలు. కొందరు బూట్లేసుకొని ఆటో ఎక్కితె, కొందరు సూసుకుంట నిలబడాల్నా?"

"అందుకే కదా చీటీలు తీశాం. చీటీకి పక్షపాతం ఉండదు."

"చీటీకి కండ్లు లేవు సారూ. మాకున్నయి గద."

రాజేష్ నవ్వుతూ కల్పించుకున్నాడు. "అక్కా, గవర్నమెంటు నౌకరీ లెక్క అనుకో. అందరికీ వస్తదా?"

"నీకొచ్చిందా?" అన్నది ముత్తక్క.

వరండా అంతా గొల్లుమన్నది. రాజేష్ తన టాబ్లెట్ మీదికి తల వంచాడు.

ఎండ తగ్గేదాకా తిరిగి వెళ్ళే వీలు లేక వాళ్ళ పండుగ చూస్తూ ఉండిపోయాను. ప్రతి ఇంటివారూ ఆకుదొప్పలో విత్తనాలు తెచ్చారు. జొన్నలు, కందులు, వరి, ఏవేవో చిన్న గింజలు. ఊరి దేవత రాతి ముందు అన్నిటినీ ఒకే కుప్పగా పోశారు. భద్రయ్య ఏదో వాళ్ళ భాషలో చెబుతూ రెండు చేతులతో ఆ కుప్పను కలిపాడు. చాలాసేపు కలిపాడు. ఆ తర్వాత ఇంటికింత అని అదే కుప్పలోంచి దోసిట పోశాడు. వాటిని కలుపుకుని గాని ఆ ఊళ్ళో ఎవరూ పొలంలో గింజ వేయరట.

"ఒకరి మేలైన విత్తనం, మరొకరి పుచ్చు విత్తనం కలిసిపోతాయి కదా?" అని పక్కనున్న ముత్తక్కను అడిగాను. చదువుకున్నవాడి ప్రశ్న అది.

"కలవాలనే గద సారూ," అన్నది.

దాన్ని ఒక ఆచారంగా మాత్రమే గమనించి, ఇంటికి వచ్చేశాను.

ఆ వారమే పద్మప్రియ పదిమందికీ టీసీలు రాసింది. మా ఇంటి భోజనాల బల్ల మీద, గుండ్రని అక్షరాలతో.

"బడి మానడానికి కారణం అన్న గడిలో ఏం రాయమంటావు?"

"తలిదండ్రుల కోరిక అని రాయి."

పదిసార్లు అదే రాసింది. ఒక్క కొట్టివేత లేదు. రాయడం అయిపోయాక కాగితాలను నా వైపు జరిపి, లోపలికి వెళ్ళింది. అప్పటినుంచి మా వాదనలు ఆగిపోయాయి. నాతో వాదించనప్పుడు ఆమె ఎంత దూరంగా ఉంటుందో అంతకుముందు నాకు తెలియదు.

*

జూలైలో పర్యవేక్షణ నిమిత్తం ప్రైవేటు పాఠశాలకు మొదటిసారి వెళ్ళాను. మూడో తరగతిలో దుర్గను లేపి ఇంగ్లీషు వాచకం చదివించాను. తడుముకోకుండా చదివింది. యూనిఫాం కొలిచి కుట్టినట్టు సరిపోయింది. నా నోటుపుస్తకంలో 'అత్యుత్తమం' అని రాసుకున్నాను. ఆ మధ్యాహ్నం, ఎన్నడూ లేనిది, బజారులో ఆగి పద్మప్రియకు ఇష్టమైన నేరేడు పళ్ళు కొన్నాను. ఆమె కడిగి గిన్నెలో పెట్టింది గాని, ఎందుకు తెచ్చావని అడగలేదు.

మరుసటి మంగళవారం మళ్ళీ వెళ్ళాను. టీచరు 'దుర్గా' అని పిలిచింది. ఒక పిల్ల లేచి నిలబడింది. పొట్టి పిల్ల. ముందు పన్ను ఊడి ఉన్నది. గౌను నడుము దగ్గర రెండు మడతలు వేసి పిన్నీసు పెట్టి ఉన్నది.

"నువ్వు దుర్గవా?"

"అవ్ సారూ."

"పోయిన వారం నాకు పాఠం చదివి వినిపించిన దుర్గ ఎక్కడ?"

"ఆమె నిన్న వచ్చింది. ఇయ్యాల నేను."

"నీ పేరేమిటి?"

"ఇయ్యాల దుర్గ."

"మరి నిన్న?"

"నిన్న సమ్మక్క." పిల్ల ఏమాత్రం బెదరలేదు. నాకు అర్థం కావడం లేదని జాలిపడి వివరించింది. "మా ఊరి మేడం కాడ నేను సమ్మక్కనే సారూ. ఈడికొస్తెనే దుర్గను."

కరస్పాండెంటు రామ్‌చందర్ గదిలోకి వెళ్ళి తలుపు వేశాను. ఆయన నాకు కుర్చీ చూపించి, తాను నిలబడే ఉన్నాడు.

"సార్, నేను రెండో వారంలనే కనిపెట్టిన. ఏం జెయ్యాలె? పది సీట్లు, రోజూ పదిమంది కూసుంటున్నరు. ఫీజు వస్తున్నది. నిజం జెప్పాల్నంటే మా పిల్లలకన్న ఈళ్ళే శ్రద్ధగ వింటున్నరు. ఇంటికి పోయి అప్పజెప్పాలె గద మరి."

"ఎవరికి అప్పజెప్పాలి?"

"ఆ రోజు రానోళ్ళకు సార్."

నేను అక్కడినుంచి నేరుగా ఇప్పలగుంపుకు ఆటో మాట్లాడుకున్నాను. దారి పొడవునా నేను అనబోయే మాటలను వరుసలో పెట్టుకున్నాను. ముత్తక్క పత్తిచేలో కలుపు తీస్తున్నది. నన్ను చూసి నడుము నిటారుగా చేసి, కొడవలి చంకన పెట్టుకుని గట్టు మీదికి వచ్చింది.

"ఇది మోసం, ముత్తక్కా. ఒకరి పేరు మీద మరొకరు హాజరవడాన్ని చట్టం ఏమంటుందో తెలుసా మీకు?"

"తెల్వది. ఏమంటది?"

చెప్పాను, ఇంగ్లీషు మాటతో సహా. ఆమె శ్రద్ధగానే విన్నది.

"మేమేం దాసిపెట్టలే సారూ. ఆటో అందరి ముంగటనే ఎక్కుతున్నరు. మేం గింజలు కలిపిన్నాడు నువ్వు కూసొని సూసినవు గద. ఆ పొద్దే పెద్దమనుషులు అనుకున్నరు. గుంపులకు ఏదొచ్చినా అందరిది. గింజలైతె దోసిట్ల పంచుకుంటం. బడి సీటును గట్ల పంచరాదు. అందుకే రోజులు పంచుకున్నం."

"రోజులా?"

"తొమ్మిది జతలు జేసినం. ఒకరోజు ఆమె, ఒకరోజు ఈమె. ఒకటో తరగతి పోరడొకడు మిగిలిండు. వానికి జత లేదు. రోజూ ఆడికే పోతుండు పాపం." ఆమె నిజంగానే వాడి మీద జాలిపడుతున్నది.

"పేరు వచ్చింది మీ మనవరాలికి. ఆ పిల్ల రోజూ వెళ్ళవలసింది. సగం చదువు పోగొట్టారు మీరు."

"సగం ఆడ, సగం ఈడ. యాడ పాయె?"

అడగవలసిన మరొక ప్రశ్న గుర్తుకు వచ్చింది. "మా పద్మప్రియకు ఈ సంగతి తెలుసా?"

"మేడంకు తెల్వక? రోజుకో తీరు తొమ్మిది మొకాలు కనవడ్తె తెల్వదా సారూ?"

*

నేను బడి దగ్గరకు చేరేసరికి నాలుగు దాటింది. ప్రైవేటు బడి ఆటో అప్పుడే పిల్లలను దింపి వెళ్ళింది. ఎవరూ ఇళ్ళకు పోలేదు. బూట్లు విప్పి గోడవార వరుసగా పెట్టి, వరండాలో ఇద్దరిద్దరుగా కూర్చున్నారు. సమ్మక్క వేలు పెట్టి చూపిస్తుంటే దుర్గ ఇంగ్లీషు మాటలు పలుకుతున్నది. ఆ తర్వాత దుర్గ వంతు. ఆ రోజు మేడం చెప్పిన భాగహారం సమ్మక్కకు అర్థం కాలేదు. దుర్గ విసుక్కుని, పెరట్లోంచి గుప్పెడు ఆకులు కోసుకొచ్చి, నలుగురికి పంచి, మిగిలిన మూడు ఆకులను సమ్మక్క ముక్కు ముందు ఊపింది. "గివ్వే శేషం. సమజయిందా?"

జత లేని ఆ ఒకటో తరగతివాడు స్తంభానికి ఆనుకుని నిద్రపోతున్నాడు.

నేను నలభై మంది ఉన్న తరగతుల్లో ముప్పై నాలుగేళ్ళు నిలబడినవాణ్ణి. విన్న పాఠాన్ని ఆ సాయంత్రమే మరొకరికి చెప్పవలసి ఉంటుందని కూర్చున్న విద్యార్థిని ఎన్నిసార్లు చూశానో లెక్కపెట్టుకోబోయి ఆపేశాను.

పద్మప్రియ నోటుపుస్తకాలు దిద్దుతూ తల ఎత్తింది. నా ముఖం చూడగానే ఆమెకు తెలిసిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"మొదటి రోజు నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు నిజం రాస్తావు."

"మరి నువ్వేం రాశావు? హాజరు ఎవరి పేరున వేశావు?"

ఆమె రెండు పుస్తకాలు తెచ్చి నా ముందు పెట్టింది. ఒకటి ప్రభుత్వపు రిజిస్టరు. అందులో తొమ్మిది పేర్లే. వాటిలో ఎవరు ఆటో ఎక్కి పోతే ఆ రోజు వారికి గైరుహాజరు వేసి ఉన్నది. రెండోది మామూలు నోటుపుస్తకం. అందులో పందొమ్మిది పేర్లు. ఒక్కొక్క పేరుకు ఎదురుగా ఏ రోజు ఇక్కడ, ఏ రోజు అక్కడ అన్నది తేదీలవారీగా ఉన్నది.

"నేనెక్కడా అబద్ధం రాయలేదు నాన్నా. ఎవరైనా అడిగితే ఇది చూపిస్తాను. అడగలేదు."

ఆ మాటలో నా గొంతే నాకు వినిపించింది.

*

జూలై ఆఖరు వారంలో రాజేష్ మా ఇంటికి వచ్చాడు. టాబ్లెట్‌లో ఒక ఫారం. ఎంపికైన పదిమంది పిల్లలూ క్రమం తప్పక హాజరవుతున్నారని నేను ధ్రువీకరించాలి.

"ఎంపికైన పదిమంది కాదు," అని జరిగింది చెప్పాను.

అతడు టాబ్లెట్ పక్కన పెట్టాడు. తెలివైన కుర్రవాడే. "సార్, పది సీట్లు నిండినయ్. అది ఫాక్టే గద. ఎవలు కూసున్నరో హైదరాబాదుల ఎవలడుగుతరు? మీరు సైన్ జేస్తే వచ్చే ఏడు ఇంకో పది ఊర్లకిస్తరు. మీరు నమ్మిన పనే గద సార్ ఇది."

"రేపు సాయంత్రానికి నా నివేదిక ఇస్తాను," అన్నాను.

నా పరిస్థితి ఇది. ధ్రువీకరిస్తే అబద్ధం. పైగా పద్మప్రియ రిజిస్టరులో తొమ్మిది పేర్లే మిగులుతాయి; ఆగస్టులో బడికి తాళం పడుతుంది. నిజం రాస్తే వోచర్లు రద్దవుతాయి, పదిమందీ వెనక్కు వస్తారు, బడి నిలుస్తుంది. కాని దుర్గకూ, సమ్మక్కకూ ఆ రెండో బడి పోతుంది. చెంచురామయ్య తన కూతురి బడిని కాపాడుకోవడానికి పేదపిల్లల సీట్లు పోగొట్టాడని లోకం అంటుంది. ఇన్నేళ్ళూ నేను కూడబెట్టుకున్నది ఆ పేరొక్కటే.

పద్మప్రియ బడి నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ అన్నది, "ముత్తక్క నీకు చెప్పమన్నది. రెండు బళ్ళూ ఉండేటట్టు రాయాలట."

"అట్లా రాయడానికి ఫారంలో చోటు లేదమ్మా."

"అదే చెప్పాను. అయితే ఫారం మార్చమన్నది."

నాలుగు పేజీలు రాశాను. జరిగినది జరిగినట్టు రాశాను. పిల్లలు గాని తలిదండ్రులు గాని స్వలాభం కోసం ఎవరినీ వంచించలేదనీ, తమ ఊరి కట్టు ప్రకారం వచ్చినదాన్ని పంచుకున్నారనీ రాశాను. అక్కడి ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయిని నా కుమార్తె అని మొదటి పేజీలోనూ, చివరి పేజీలోనూ రాశాను. ఆఖరున ఒక సిఫారసు: ఇస్తే పందొమ్మిది మందికీ ఇవ్వండి, లేదా ఆ మొత్తంతో ఆ బడికి రెండో ఉపాధ్యాయుణ్ణి నియమించండి.

పద్మప్రియ నిలబడే చదివింది. "ఇది నా కోసం రాశావనే అంటారు."

"అననీ."

ఆమె కాగితాలను సరిచేసి కవరులో పెట్టి, జిగురు తానే అంటించింది.

జవాబు రెండు పంక్తుల్లో వచ్చింది. నా సేవలకు కృతజ్ఞతలు. నెలాఖరుతో వోచర్లు నిలిపివేయబడుతున్నవి. సిఫారసును గురించి ఒక్క మాట లేదు.

ఆఖరి రోజున వంతు ఎవరిదని ఎవరూ చూడలేదట. పందొమ్మిది మందీ ఆ ఒక్క ఆటోలోనే ఎక్కారు. రామ్‌చందర్ ఏమీ అనకుండా పక్క గదుల నుంచి బల్లలు వేయించి అందరినీ కూర్చోబెట్టాడని తర్వాత విన్నాను. ఫీజు తప్ప మరేమీ పట్టని మనిషని ఆయనను గురించి నేను కొంత తొందరపడ్డాననిపించింది.

ఆగస్టు మొదటి సోమవారం ఇప్పలగుంపు బడిలో పందొమ్మిది తలలు లెక్కకు వచ్చాయి.

*

సంత రోజున ముత్తక్క మా గేటు దగ్గర నిలబడింది. లోపలికి రమ్మన్నాను. రాలేదు.

"నువ్వు నిజం రాసినవంట."

"అవును."

"రాసినందుకు పది సీట్లు పాయె."

"అవును."

"మేడం బడి నిలబడ్డది. మంచిగయింది, వాగు దాటే పని తప్పింది. గని గురువారం మేడం ట్రైనింగుకు పోతది. తాళం పడ్తది. మా దుర్గ యాడ కూసోవాలె?"

"రెండో టీచర్ని ఇవ్వమని నేను స్పష్టంగా సిఫారసు చేశాను..."

"కాయితం సంగతి కాదు సారూ. పది తీసినవు. ఒకటన్న పెట్టు."

"నేనేం పెట్టగలను ముత్తక్కా?"

ఆమె నన్ను తలపాగా లేని తల నుంచి పాలిష్ చేసిన చెప్పుల దాకా ఒకసారి చూసింది. "పొద్దుగాల ఏం జేస్తవు నువ్వు?"

"చదువుకుంటాను. పత్రికలకు లేఖలు రాస్తాను."

"ఆఁ," అన్నది ముత్తక్క.

నా జీవితంలో నేను విన్న విమర్శల్లో అంత చిన్నది మరొకటి లేదు.

"మా కాడ అందరికీ వంతున్నది సారూ," అని, సంచి భుజాన వేసుకుని సంతకు పోయింది.

వోచరు అన్న ఆలోచన తప్పని నేను ఇప్పటికీ అనను. ఎంచుకునే హక్కు డబ్బున్నవాడికే ఉండాలనడం నాకు సమ్మతం కాదు. ఉన్నవాణ్ణి కాబట్టే నా కూతురికి కాన్వెంటును ఎంచుకున్నాను. కాని ఎంచుకోవడమంటే కొందరిని వదిలేయడం అని ఆ ఊరివాళ్ళకు ఎందుకు తోచలేదో, నాకు ఎందుకు తోచిందో, ఆ సంగతి మీద ఎంత ప్రయత్నించినా లేఖ ముందుకు సాగలేదు.

జీతం లేకుండా బోధించడానికి అనుమతి కోరుతూ దరఖాస్తు రాసి, వయసు డెబ్బై ఒకటి అని నిజమే వేసి, మండల కార్యాలయంలో ఇచ్చాను. మూడు రోజుల్లో అనుమతి వచ్చింది. గురువారం పద్మప్రియ స్కూటీ వెనక కూర్చుని ఇప్పలగుంపుకు వెళ్ళాను. ఆమె బడి తాళం తీసి, తాళంచెవి నా చేతిలో పెట్టి, ట్రైనింగుకు బయలుదేరింది.

నేను నల్లబల్ల ముందు నిలబడ్డాను. డిగ్రీ విద్యార్థుల ముందు ఎన్నడూ తడబడనివాడికి సుద్దముక్క ఎక్కడుంటుందో అడగవలసి వచ్చింది. దుర్గ కిటికీ చూపించింది. ముందు వరుసలోంచి సమ్మక్క లేచింది. ఊడిన పన్ను చోట కొత్తది మొలుస్తున్నది.

"నీ పేరేంది సారూ?"

"చెంచురామయ్య."

ఆమె ఆ పేరును ఒకసారి లోపల పలికి చూసుకున్నది.

"ఇయ్యాలనా, రోజూనా?"

గేటు దగ్గర పద్మప్రియ హెల్మెట్ చేతిలోనే పట్టుకుని నిలబడి ఉన్నది. ఇటు తిరగలేదు, కదలనూ లేదు.

"రోజూ," అన్నాను.

సమ్మక్క కూర్చున్నది. బయట స్కూటీ స్టార్టయింది.